ఉద్యోగం చేస్తూ ఫోరెన్సిక్ సర్టిఫికెట్ కోర్సు: చేరవచ్చా, వద్దా?

నల్లగొండ ల్యాబ్ టెక్నీషియన్:
అందరికీ నమస్కారం. నల్లగొండలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, చదువు బీఎస్సీ. ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగస్తుల కోసం ఆరు నెలల ఫోరెన్సిక్ సైన్స్ సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. రాత్రిపూట ఆన్‌లైన్ పాఠాలు, నెలకో ఆదివారం హైదరాబాద్‌లో ప్రాక్టికల్స్. ఫీజు దాదాపు నా రెండు నెలల జీతం. పూర్తిచేస్తే ‘ఫోరెన్సిక్ నిపుణులు’గా గుర్తింపు వస్తుందని కరపత్రంలో రాశారు. మావారు చేరమంటున్నారు, అన్నయ్య డబ్బు దండగ అంటున్నారు. మీరేమంటారు?

పాలమూరు విశ్రాంత ఎస్సై:
మీ అన్నయ్య మాటే నిజం తల్లీ. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ అయినా, రామంతాపూర్‌లోని కేంద్ర ల్యాబ్ అయినా డిగ్రీలు, పీజీలు చూసి ఉద్యోగాలు ఇస్తాయి. ఆరు నెలల కాగితంతో అక్కడ పని జరగదు. నిపుణులన్న గుర్తింపు ఏ సంస్థా అమ్మలేదు. సాక్షి నిపుణుడా కాదా అన్నది ఆ కేసులో కోర్టే తేలుస్తుంది. ప్రభుత్వ శాస్త్ర నిపుణుల నివేదికను, వాళ్లు బోనెక్కకపోయినా, సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్‌లో ఉంది. ప్రైవేటు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అందులో చోటు దొరకదు. కరపత్రంలో మొదటి మాటే అబద్ధమైతే మిగతా పాఠాలను ఎలా నమ్ముతారు?

మహబూబ్‌నగర్ న్యాయవాది:
ఎస్సై గారు చెప్పిన చట్టంలో తప్పు లేదు. ఉద్యోగం రాదు కాబట్టి చదువే వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఆ సంహితే, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలంటోంది. రాష్ట్రాలు సిద్ధపడటానికి ఐదేళ్ల దాకా గడువు ఇచ్చింది. మరి ఆ ఆధారం ల్యాబ్‌కు చేరేలోపు ఎన్ని చేతులు మారుతుంది? కానిస్టేబుల్, డాక్టరు, ఆసుపత్రి సిబ్బంది, మళ్లీ కానిస్టేబుల్. కేసులు నీరుగారేది ఈ దారిలోనే.

రక్తం అంటిన చొక్కాను తడి ఆరకుండానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగిస్తారు. లోపల చెమ్మకు బూజు పడుతుంది, డీఎన్‌ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టి, కాగితపు కవర్లో పెట్టి సీలు వేస్తే ఆ నష్టం ఉండదు. ముద్దాయి తరఫున నిలబడినప్పుడు నేను ముందుగా అడిగేది సీలు గురించే: ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ల్యాబ్‌కు చేరేసరికి చెక్కుచెదరకుండా ఉందా అని. సాక్షి అక్కడ తడబడితే ఎంత గొప్ప నివేదికకైనా బలం తగ్గుతుంది. ఈ అమ్మాయి లాంటివాళ్లు నేర్చుకుంటే నా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. అలా దొరకాలనే నా కోరిక కూడా.

నల్లగొండ ల్యాబ్ టెక్నీషియన్:
వకీలు గారూ, మా పనిలోనూ ఇలాంటివి ఉన్నాయి. మద్యం పరీక్షకు రక్తం తీసేటప్పుడు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదని, సోడియం ఫ్లోరైడ్ ఉన్న ట్యూబులోనే పోయాలని సీనియర్లు చెప్పారు. పోస్ట్‌మార్టంలో తీసిన విసెరాను, అంటే కడుపు, కాలేయం లాంటి లోపలి అవయవాల భాగాలను, ఫార్మలిన్‌లో కాకుండా ఉప్పునీళ్లలో పెట్టాలన్నారు. స్పిరిట్ సంగతి అర్థమైంది. మిగతావి ఎందుకో ఎవరూ చెప్పలేదు.

సూర్యాపేట రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
రక్తంలో చక్కెర ఉంటుంది కదమ్మా. సూక్ష్మజీవులు చేరితే అది ట్యూబులోనే పులిసి ఆల్కహాల్ పుడుతుంది. తాగనివాడు తాగినట్టు తేలే ప్రమాదం ఉంది. ఫ్లోరైడ్ ఆ పులియడాన్ని ఆపుతుంది. ఫార్మలిన్ కొన్ని విషాల గుర్తింపుకు అడ్డుపడుతుంది, అందుకే చిక్కటి ఉప్పునీళ్లు. పురుగుమందు తాగిన కేసులు వచ్చే మన జిల్లాల్లో ఈ రెండో సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలిసి ఉండాలి.

ఫోరెన్సిక్‌నే వృత్తిగా చేసుకోవాలనుకుంటే సర్టిఫికెట్ సరిపోదు, ఎమ్మెస్సీ చదవండి. గాంధీనగర్ ప్రధాన కేంద్రంగా జాతీయ ఫోరెన్సిక్ విజ్ఞాన విశ్వవిద్యాలయం 2020లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. అక్కడి కోర్సుల వివరాలు కూడా చూడండి.

పాలమూరు విశ్రాంత ఎస్సై:
మాస్టారూ, ఇప్పుడు మీరు చెప్పింది ఆమెకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చెప్పాల్సింది. నా అసలు అభ్యంతరం ఇదే. నమూనాను ఎలా భద్రపరచాలో నేర్పడం జీతమిచ్చేవాళ్ల బాధ్యత. దానికి చిన్న ఉద్యోగి రెండు నెలల జీతం ఎందుకు పోయాలి? ఈవేళ ఈమె సొంత డబ్బుతో నేర్చుకుంటే రేపు మిగతావాళ్లనూ అలాగే నేర్చుకోమంటారు. పోలీసుల్లోనూ అంతే, తెలిసినవాడి మీదే భారమంతా వేస్తారు.

మహబూబ్‌నగర్ న్యాయవాది:
బాధ్యత వాళ్లదేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ వాళ్లు నేర్పేదాకా నమూనాలు ఆగవు. పాడైన నమూనాను మళ్లీ తేలేం. అత్యాచారం కేసులో ఆ ఒక్క ఆధారం పోతే ఆ ఆడపిల్లకు ఎవరు జవాబు చెబుతారు?

పాలమూరు విశ్రాంత ఎస్సై:
ఆ ఆడపిల్ల కోసమే నేనూ అంటున్నాను. ఒక్క టెక్నీషియన్ నేర్చుకుంటే ఆమె డ్యూటీలో ఉన్న రోజే మేలు. ఆ రాత్రి డ్యూటీ వేరేవాళ్లదైతే?

నల్లగొండ ల్యాబ్ టెక్నీషియన్:
సంస్థకు ఫోన్ చేశాను. ప్రాక్టికల్స్ అన్నీ వేలిముద్రలు, చేతిరాత మీదేనట. నమూనాలు భద్రపరచడంపై ఒకే ఒక్క పాఠం ఉందట. ‘నిపుణులు’ అన్న మాట గురించి గట్టిగా అడిగితే అది ప్రచారం కోసం రాశామన్నారు. ఈ విడతలో చేరడం లేదు. ల్యాబ్‌లో అన్ని షిఫ్టులవారికీ శిక్షణ ఇప్పించమని మా సూపరింటెండెంట్ గారికి అర్జీ రాస్తున్నాను, తోటివాళ్లు ముగ్గురు సంతకం చేస్తామన్నారు. జవాబు రాకపోతే ఇంతకంటే మంచి కోర్సు వెతుక్కుని నా డబ్బుతోనే చేరతాను. ఆ విషయంలో వకీలు గారి మాటే నాకు నచ్చింది.

పాలమూరు విశ్రాంత ఎస్సై:
అర్జీ రెండు ప్రతులు రాయండి తల్లీ. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకుని మీ దగ్గరే ఉంచుకోండి.