వీడియో లేకుండా బటన్ ఫోన్‌లోనే వైద్య సలహా: మలావీలో ఎట్టా నడుపుతున్నారు?

సీఎస్‌పురం సిస్టర్:
అందరికీ నమస్తే. కనిగిరి వైపు సీఎస్‌పురం మండలంలో విలేజ్ క్లినిక్‌లో ఎమ్ఎల్‌హెచ్‌పీగా (డాక్టరు లేని చోట క్లినిక్ చూసుకునే ఆరోగ్య సిబ్బంది) చేస్తున్నా. ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరుకి వీడియో కలపడం నా పని. మావి కొండ కింది ఊళ్లు, సిగ్నల్ నిలవదు. మొన్న ఏడో నెల గర్భిణి కాళ్లు వాచి, తలనొప్పని వచ్చింది. కలిపితే డాక్టరమ్మ మొహం తెర మీద ఆగిపోయింది. ఆ పిల్ల వాళ్లత్త, "ఆయమ్మ కదలడంల్యా, మనల్ని చూస్తా ఉండాదా లేదా అమ్మాయ్?" అని నన్నడగతా ఉంది. బీపీ 150/100. వీడియో పక్కనబెట్టి మామూలు ఫోన్‌లో మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి, 108లో కనిగిరి పంపించాను.

మా బావ ఆఫ్రికాలోని మలావీ దేశంలో, బ్లాంటైర్‌లో పనిచేస్తాడు. అక్కడ పల్లెల్లో ఆడోళ్లు బటన్ ఫోన్‌తోనే డబ్బు కట్టకుండా సలహా అడుగుతారంట. మనిషిని చూడకుండా ఎట్టా చెప్తారు? తెలిసినోళ్లు కాస్త వివరంగా రాయండి, మాకు చాలా అవసరం.

ఒంగోలు-లిలాంగ్వే:
మీ బావగారు చెప్పింది నిజమే సిస్టర్. నేను అక్కడ ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి. దాని పేరు 'చిపటాలా చా పా ఫోని'. 2011లో బలాకా జిల్లాలో గర్భిణులకీ చంటిబిడ్డలకీ పెట్టారు, తర్వాత మిగతా జబ్బులకీ విస్తరించారు. ఎయిర్‌టెల్ నంబరు నుంచి కాల్ ఉచితం (అవును, మన ఎయిర్‌టెలే). ఎత్తేది డాక్టరు కాదు, శిక్షణ ఉన్న ఆరోగ్య సిబ్బంది. రోగానికి పేరు పెట్టే పని వాళ్లు పెట్టుకోరు. ఇంట్లో చూసుకోవచ్చా, ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరాలా, అంతే తేలుస్తారు. రక్తం పోతోందా, చూపు మసకబారిందా, ఫిట్స్ వచ్చాయా, బిడ్డ కదలిక తగ్గిందా? వీటికి జవాబు గొంతులోనే దొరుకుద్ది, మొహం కనపడక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. సొంత ఫోన్ లేని ఆడవాళ్ల కోసం ఊళ్లో వాలంటీర్ల దగ్గర ఫోన్ ఉంచారు. జాగ్రత్తలు మెసేజ్‌గానే కాదు, రికార్డు చేసిన మాటగా కూడా వినొచ్చు. చదువు రాదన్న బెంగ లేదు.

నెల్లూరు మెడికల్స్:
రువాండా సంగతి కూడా తెలియాలి. అక్కడ 2016లో బేబిల్ అని ఫోన్ వైద్య సేవ వచ్చింది. 20 లక్షల మందికి పైగా చేరారు. బటన్ ఫోన్‌లో నంబరు కొట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, మాట్లాడాక మందుల కోడ్ ఎస్సెమ్మెస్‌లో రావడం, షాపులో చూపిస్తే మందులివ్వడం. మందుల షాపు నడిపేవాడిగా చెప్తున్నా, ఇంతకన్నా సుళువు ఇంకేం కావాలి! కానీ 2023లో లండన్‌లోని మాతృసంస్థ కుప్పకూలింది, దాంతో రువాండాలోనూ మూతపడింది. అలవాటుపడ్డ జనం గతేం కాను? మలావీలో మాత్రం ఆ లైను ఆరోగ్యశాఖ చేతికి వచ్చింది. మనకి ఫోన్‌లో సలహాకి 104 ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే పెట్టారు. కొత్త యాప్‌ల కోసం కాకుండా దాన్ని గట్టిచేయమని అడగాలి మనం.

సీఎస్‌పురం సిస్టర్:
ఇద్దరికీ థాంక్సండీ. వాలంటీరు ఫోన్ మాట మాకు అచ్చంగా పనికొస్తుంది, మా ఆశా అక్కలందరికీ ఫోన్లున్నాయి. ఆ నాలుగు ప్రశ్నలకి తలనొప్పి, వాపు కూడా కలిపి ఒక అట్ట మీద రాస్తా. మా మెడికల్ ఆఫీసర్ చూసి సరేనన్నాక అక్కలకి ఇస్తా. ఒక్కదానికి అవునని వచ్చినా వీడియో కోసం కూర్చోబెట్టకుండా ముందు 108కి కొట్టి, తర్వాత నాకు చెప్పమంటా.