ఇంటర్ తర్వాత ఒక ఏడాది ఖాళీ: కడియం నర్సరీల్లో పని నేర్చుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఈ ఏడాదే ఇంటర్ బైపీసీ అయింది. ఈఏపీసెట్‌లో హార్టికల్చర్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. మళ్లీ రాస్తాను. ఇంట్లో వాళ్లు విజయవాడ హాస్టల్లో పడేసి లాంగ్ టర్మ్ చదివించాలని చూస్తున్నారు. రెండేళ్లు ఆ హాస్టల్ సాంబారు తిన్నవాణ్ణి, ఇంకో ఏడాది నా వల్ల కాదండి.

నా ఆలోచన ఏంటంటే, పొద్దున్న ఇంట్లోనే చదువుకుని, వారానికి మూడు రోజులు కడియం వెళ్లి ఏదైనా నర్సరీలో పని నేర్చుకోవడం. మొన్న మా మావయ్యతో వెళ్లినప్పుడు ఒకాయన జామకు గాలి అంటు (చెట్టు మీదున్న కొమ్మకే వేర్లు వచ్చేలా చేసే పద్ధతి) కడుతున్నాడు. కొమ్మ మీద బెరడు ఉంగరంలా వలిచి, తడి కొబ్బరి పొట్టు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి పురికొసతో బిగించేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు! నేను కడితే పొట్టంతా కిందే రాలింది.

అక్కడ పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కొత్తవాళ్లకు నిజంగా అంట్లు కట్టడం నేర్పిస్తారా, లేక సంచుల్లో మట్టి నింపించి పంపేస్తారా? జీతం అడగొచ్చా? రావులపాలెం మీదుగా ఆ మూడు రోజులూ వెళ్లి రావడం కష్టమా, అక్కడే గది చూసుకోవాలా? అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం మాకు దగ్గరే, అక్కడ నాలాంటివాళ్లను రానిస్తారా?

గ్యాప్ వస్తే తర్వాత ఇబ్బంది అని నాన్న ఒకటే టెన్షన్. ఏడాది ఆగి చేరినవాళ్లు మీ అనుభవం రాస్తే ఆయనకు చదివి వినిపిస్తాను.