అప్‌డేట్: మోరిస్‌విల్ వచ్చేశాం, గోంగూర దొరికింది

మూడు నెలల క్రితం అడిగాను కదా, న్యూజెర్సీలోని ఎడిసన్ వదిలి నార్త్ కరోలైనాలోని మోరిస్‌విల్ వెళ్తున్నాం, అక్కడ మనవాళ్లు ఉంటారా, తిండికి ఇబ్బందా అని. అనవసరంగా టెన్షన్ పడ్డాను. కంపెనీలన్నీ ఉండే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ ఆనుకునే ఉండటంతో సాఫ్ట్‌వేర్, ఫార్మా ఉద్యోగాలకి వచ్చినవాళ్లే ఎటు చూసినా, సాయంత్రం నడకకి వెళ్తే తెలుగు చెవిన పడకుండా ఇంటికి రాలేం. ఊళ్లో క్రికెట్ గ్రౌండ్ కూడా ఉంది, 2023లో అమెరికా టీ20 లీగ్ మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు ఇక్కడ ఆడారు! పక్కనే కేరీలో వెంకటేశ్వర స్వామి గుడి, 2022లో ప్రారంభించిన 87 అడుగుల గోపురంతో.

గోంగూర, మునక్కాడలు కేరీలోని ఇండియన్ కిరాణా షాపు పటేల్ బ్రదర్స్‌లో, చేపలకి మాత్రం గ్రాండ్ ఏషియా మార్కెట్. ఇక్కడి కొల్లార్డ్ ఆకు (క్యాబేజీ జాతి ఆకుకూర) పప్పులో వేశాను, కాస్త ఎక్కువసేపు ఉడకాలి గానీ బాగుంది. స్థానిక బార్బెక్యూ పంది మాంసం, వెనిగర్ ఘాటుతో. మా ఆయన తినరు, నాకు నచ్చింది.

బిర్యానీ ఒక్కటే ఇంకా కుదరలేదు. మొన్న ఒకచోట తియ్యగా ఉంది, బిర్యానీ తియ్యగా ఏంటండీ? మంచి చోటు తెలిస్తే చెప్పండి. కారు లేకుండా మాత్రం రావద్దు.