తాటిపూడి నుంచి తేలుకుంచి దాకా: రెండు రోజుల్లో నాలుగు చోట్లా, ఒక్కచోటే కూర్చోవాలా?

కోట కందకం (విజయనగరం)
సిరిమానోత్సవం అయ్యాక వచ్చే శని, ఆదివారాల్లో ఐదుగురం పిట్టలు చూడ్డానికి బయల్దేరుతున్నాం. శనివారం పొద్దున్న తాటిపూడి జలాశయం, మధ్యాహ్నం టెక్కలి దగ్గరి తేలినీలాపురం. ఆదివారం నౌపడ ఉప్పుమడులు, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి. జలాశయం, ఊరి చెట్లు, ఉప్పునీళ్లు అన్నీ కలిసొస్తాయి కదా అని. మాలో ఒకడు మాత్రం ‘ఇది పిట్టలు చూడ్డం కాదురా, కారు తోలడం’ అంటున్నాడు. మీరేమంటారు?

టెక్కలోడు
మీవోడు చెప్పిందే కరెక్టు. మిట్టమధ్యాహ్నం తేలినీలాపురం వచ్చి ఏటి సూస్తారు బాబూ? నాలుగింటికి వచ్చీయండి, చీకటి పడేదాకా కదలకండి. ఎర్రకాళ్ల కొంగ ఒకటి పుల్ల పట్టుకొచ్చి చెట్టు మీద దిగుతాది. గూట్లో ఉన్నది దాన్ని అందుకుని ఇటు పెడతాది, నచ్చదు, తీసి అటు పెడతాది. ఆ సంసారం చూడ్డానికే గంట పడతాది. సైబీరియా నుంచి అంతదూరం వచ్చిన పక్షుల్ని పది నిమిషాల్లో చూసీసి పోతారా?

ఉప్పుమడి
అన్నా, కూర్చోమన్నావు, బాగుంది. సైబీరియా మాట మాత్రం వదిలెయ్. ఎర్రకాళ్ల కొంగలు, గూడకొంగలు (పెలికాన్లు) మన దేశపు పక్షులే. సైబీరియా పిట్ట చలికాలం ఇక్కడ గడిపి, వెనక్కెళ్లి అక్కడే గూడు కడుతుంది. నీ చెట్టు మీద గుడ్లు పెట్టేది అక్కడిదెలా అవుతుంది? నిజంగా ఆ చలిదేశాల నుంచి వచ్చేవి నౌపడ మడుల్లో గట్టు వెంట పరుగులు తీసే చిన్న చిన్న ఉల్లంకులు. అరచేతిలో పట్టేంత ఉంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు.

కందకం గారూ, తిరగడం తప్పు కాదు, తాటిపూడి తప్పు. అది మీకు పడమట, టెక్కలి ఈశాన్యం. అటెళ్లి వెనక్కొచ్చి మళ్లీ వంద కిలోమీటర్లు దాటి పోవాలి. దాన్ని ఇంకో ఆదివారానికి ఉంచుకోండి. మిగతా మూడూ ఒకే దారి. పైగా ఇదే అదను: తేలుకుంచి నత్తగుల్ల కొంగలు తొలకరికి వచ్చి డిసెంబరుకల్లా సర్దుకుంటాయి, తేలినీలాపురం గూడకొంగలు ఇప్పుడిప్పుడే దిగుతుంటాయి. రెండూ ఒక్క ప్రయాణంలో దొరికేది ఈ నెలా రెండు నెలలే. నౌపడకి మాత్రం గడియారం చూసి కాదు, సముద్రపు పోటు చూసి రండి. బురదమేటలు మునిగితే పిట్టలన్నీ మడుల్లోకి చేరతాయి.

తేలుకుంచి పిల్ల
ఎన్ని ఊళ్లు తిరుగుతారో మీ ఇష్టం. మా ఊరొస్తే చెట్ల కింద నిలబడి చప్పట్లు కొట్టకండి. పోయినేడు ఒకాయన ఎగిరే ఫొటో కావాలని కొట్టాడు. కొంగలు ఒక్కసారిగా లేచాయి, ఆ సందులో కాకి గుడ్డు ఎత్తుకుపోయింది. మా అమ్మ చీపురు పట్టుకుని ఆయన్ని రోడ్డు దాకా తరిమింది. మాకవి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. గొడుగు తెచ్చుకోండి, పైనుంచి రెట్ట పడితే మేం పూచీ కాదు.

టెక్కలోడు
సైబీరియా సంగతి ఒప్పుకున్నాను. మా తాత చెప్పిన మాట, అలగే అనేసాను. కూర్చోమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కోట కందకం (విజయనగరం)
తాటిపూడి తీసేశాం. శనివారం సాయంత్రం తేలినీలాపురం, రాత్రి టెక్కలి. మావోడు ఆదివారం కూడా ఆ చెట్టు దగ్గరే ఉంటాడట, తిరుగు దారిలో ఎక్కించుకోవాలట. టెక్కలి అన్నా, వాడికి మధ్యాహ్నం భోజనం నీ పూచీ. ఆదివారం పోటు ఎన్నింటికో భావనపాడు జాలర్లనెవరినైనా అడిగి చెప్తావా?