ప్యాకేజీ ఎక్కించినంత మాత్రాన సర్వీసు మొదలుకావాలా?

1. గోదావరి గట్టు

పోయిన నెల మా సంస్థలో జరిగిన ఒక పొరపాటు వల్ల ఈ ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. ఖాతాదారులకు బిల్లు గడువును గుర్తుచేస్తూ ఎస్ఎంఎస్‌లు పంపే చిన్న సర్వీసు (తెర వెనుక నడుస్తూ ఉండే ప్రోగ్రాము) ఒకటి మా దగ్గర ఉంది. దాన్ని మేమే డెబ్ ప్యాకేజీగా (డెబియన్ లినక్స్‌లో ఎక్కించడానికి వీలైన మూటగా) కట్టుకుంటాము. కొత్త వెర్షన్‌ను పరీక్షించడానికి ఒక సహోద్యోగి వేరే సర్వర్ సిద్ధం చేసి, అసలు సర్వర్‌లోని కాన్ఫిగరేషన్ ఫైళ్లను ముందుగానే దానిలోకి కాపీ చేసుకున్నారు. ప్యాకేజీ ఎక్కించాక గేట్‌వే (సందేశాలను బయటికి పంపే సర్వర్) చిరునామా మార్చి, ఆ తరువాత సర్వీసును మొదలుపెట్టాలన్నది ఆయన ఆలోచన. కానీ ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ అనే సాధనం తన పని ముగించేసరికే సర్వీసు నడుస్తోంది. ఆయన ఫైలు తెరిచేలోపే కొన్ని వందల మందికి అదే సందేశం రెండోసారి వెళ్లిపోయింది. వారిలో అప్పటికే డబ్బు కట్టేసినవారు కూడా ఉన్నారు.

మొదలుపెట్టమని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. డెబియన్‌లో ప్యాకేజీలు కట్టడానికి అందరం వాడే డెబ్‌హెల్పర్, సర్వీసు యూనిట్ ఫైలు (సర్వీసును ఎలా నడపాలో చెప్పే ఫైలు) కనబడితే చాలు, దాన్ని ఎనేబుల్ చేసి (యంత్రం ఆన్ అయిన ప్రతిసారీ లేచేలా చేసి), స్టార్ట్ చేసే (అప్పటికప్పుడే నడిపించే) వరుసలను ఇన్‌స్టాలేషన్ చివర నడిచే స్క్రిప్టులో తనంతట తానే చేరుస్తుంది. వద్దనుకున్నవారు ‘నో-స్టార్ట్’, ‘నో-ఎనేబుల్’ అనే ఆప్షన్లు ఇవ్వాలి. మేము ఇవ్వలేదు, ఇవ్వాలన్న సంగతే మాకు తెలియదు. మరో లినక్స్ అయిన ఫెడోరాలో ఇదే పని జరిగి ఉంటే సర్వీసు కదిలేది కాదు. అక్కడ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి ఏవి ఎనేబుల్ కావాలో చెప్పే ప్రీసెట్ ఫైళ్లలో చివరిదానిలో ‘అన్నిటినీ డిసేబుల్ చేయి’ అనే ఒక్క వరుస ఉంటుంది, దానికి ముందున్న ఫైళ్లలో మినహాయింపుగా పేరున్న సర్వీసులు మాత్రమే ఎనేబుల్ అవుతాయి. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ అంతే, ఆర్‌సీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలులో మనం స్వయంగా ‘యెస్’ అని రాసేవరకు ఎక్కించిన సర్వీసు ఏదీ లేవదు.

నా అభిప్రాయం దాచుకోను. ఒక ప్రోగ్రామును డిస్కు మీదికి తెచ్చుకోవడం వేరు, దాన్ని నడపడం వేరు. ఆ రెండింటి మధ్య ఫైలు తెరిచి చదువుకునేంత వ్యవధి నిర్వాహకుడికి ఉండి తీరాలి. మీరేమంటారు?

2. ల్యాబ్ మాస్టారు

గోదావరి గట్టు గారూ, మీకు జరిగిన నష్టం విని బాధ కలిగింది. అయినా మీ అభిప్రాయంతో ఏకీభవించలేకపోతున్నాను. అసలు సర్వర్ రహస్యాలతో నిండిన కాన్ఫిగరేషన్‌ను పరీక్షా సర్వర్‌లోకి యథాతథంగా తేవడమే అక్కడి మూల దోషం. సర్వీసును చేత్తో మొదలుపెట్టే పద్ధతి ఉన్నా, గేట్‌వే చిరునామా మార్చడం మరచిపోయిన రోజున అదే జరిగేది.

నేను ఒక కళాశాలలో డేటాబేస్ ల్యాబ్ చూసుకుంటాను. ప్రతి సెమిస్టరులో మొదటి తరగతి నాడు ముప్పై మంది విద్యార్థులు తమ తమ ల్యాప్‌టాప్‌లలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వర్ ఎక్కించుకుంటారు. డెబియన్, ఉబుంటు ఉన్నవారికి ఆ ఒక్క కమాండుతోనే ‘మెయిన్’ అనే క్లస్టర్ (డేటాబేస్‌లు ఉండే చోటు) తయారై 5432 పోర్టులో (కనెక్షన్లు వచ్చే నంబరు వాకిలిలో) నడుస్తూ ఉంటుంది, పది నిమిషాల్లో వారు టేబుల్ రాయడం మొదలుపెడతారు. ఫెడోరా ఉన్నవారు ముందుగా క్లస్టర్‌ను ఇనిషియలైజ్ చేయాలి, తరువాత ఎనేబుల్ చేయాలి, తరువాత స్టార్ట్ చేయాలి. వీటిలో ఏ మెట్టు తప్పినా వచ్చే సందేశం ‘కనెక్షన్ తిరస్కరించబడింది’ అన్నదొక్కటే. లినక్స్ తన వల్ల కాదని మొదటి రోజే నిశ్చయించుకున్న పిల్లలను నేను చూశాను. సర్వర్ ప్యాకేజీని పేరు పెట్టి అడిగి తెచ్చుకున్నవాడికి ఆ సర్వర్ నడవడమే కావాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. సర్వీసు తనంతట తానే మొదలవుతుందని తెలిసిన చోట, ప్యాకేజీ కట్టేవారు తొలి కాన్ఫిగరేషన్‌ను ఒళ్లు దగ్గర పెట్టుకొని రాస్తారు. డెబియన్‌లోని మరియాడీబీ అనే డేటాబేస్ 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే అదే యంత్రం) మీద మాత్రమే వింటుంది. ఫెడోరాలో ఆ వరుసను ఎవరూ రాయరు కనుక, విద్యార్థి చేతితో మొదలుపెట్టిన మరియాడీబీ అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా, అంటే బయటి యంత్రాల నుంచి కూడా, వింటుంది. ఫైర్‌వాల్ ఉందిగా అంటారేమో, ఫెడోరా వర్క్‌స్టేషన్ ఫైర్‌వాల్ డిఫాల్ట్ జోన్ 1025 నుంచి 65535 వరకు పోర్టులన్నిటినీ తెరిచే ఉంచుతుంది, మరియాడీబీ పోర్టు 3306 ఆ మధ్యదే. ఈ రెండింటిలో ఏది భద్రమో మీరే చెప్పండి.

3. రూట్ తాళం

మాస్టారు గారు చెప్పిన మరియాడీబీ పోలిక సరైనదే, దాన్ని నేను కాదనను. అయితే ‘పేరు పెట్టి అడిగి తెచ్చుకున్నవాడు’ అన్న మాట దగ్గర ఆగవలసి ఉంది, ఎందుకంటే చరిత్రలో పెద్ద నష్టాలు అడగకుండా వచ్చిన సర్వీసుల వల్లనే జరిగాయి.

2003 జనవరి 25న వ్యాపించిన స్లామర్ వార్మ్‌ను (యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామును) గుర్తుచేసుకోండి. దాని మొత్తం పరిమాణం 376 బైట్లు. యూడీపీ 1434 పోర్టుకు ఒక్క ప్యాకెట్ చేరితే పని అయిపోయేది, దాడికి లోబడగల యంత్రాల్లో 90 శాతం పది నిమిషాల్లోనే దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ లోపానికి మైక్రోసాఫ్ట్ ఆరు నెలల ముందే ప్యాచ్ (దిద్దుబాటు) ఇచ్చింది. మరి ఎందుకు వేసుకోలేదు? అనేకుల యంత్రాల్లో ఉన్నది పూర్తి ఎస్‌క్యూఎల్ సర్వర్ కాదు, వేరే సాఫ్ట్‌వేర్ వెంట లోపలికి వచ్చిన ఎంఎస్‌డీఈ అనే చిన్న ఇంజిన్. తమ దగ్గర ఒక డేటాబేస్ నడుస్తోందన్న సంగతే తెలియనివారు దాని ప్యాచ్ కోసం ఎలా వెతుకుతారు?

ఇది పాతకాలపు విండోస్ కథ అని తోసిపుచ్చలేము. 2024 సెప్టెంబరులో బయటపడిన కప్స్-బ్రౌజ్డ్ లోపం లినక్స్‌దే. నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను వెతికిపెట్టే ఆ సర్వీసు యూడీపీ 631లో అన్ని చిరునామాల మీదా వింటూ, ఎవరో పంపిన ప్యాకెట్‌ను నమ్మి వారి చిరునామాకు వెళ్లి ప్రింటర్ వివరాలు తెచ్చుకునేది. ఆ తరువాత ఆ ప్రింటర్‌కు ఒక్క ప్రింటు పంపితే దాడి చేసినవారి కమాండు నడిచేది. ప్రింటర్ ముఖం చూడని యంత్రాల్లో అది ఎందుకు నడవాలి?

ప్యాకేజీ కట్టేవారు జాగ్రత్తగా ఉంటారన్న భరోసా కూడా అన్ని చోట్లా నిజం కాలేదు. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న మాంగోడీబీ డేటాబేస్‌లను వేల సంఖ్యలో తుడిచిపెట్టి డబ్బు డిమాండ్ చేశారు. అన్ని రకాల ఇన్‌స్టాలేషన్లూ లోకల్‌హోస్ట్‌కే పరిమితం కావడం ఆ తరువాత వచ్చిన 3.6 వెర్షన్‌తోనే జరిగింది.

4. ల్యాబ్ మాస్టారు

రూట్ తాళం గారూ, మాంగోడీబీ ఉదాహరణ నా పక్షానికే బలం. 2.6 వెర్షన్ నుంచే దాని అధికారిక డెబ్, ఫెడోరా తరహా ఆర్‌పీఎం ప్యాకేజీలు లోకల్‌హోస్ట్ మీద మాత్రమే వినేవి. మిగిలిన ఇన్‌స్టాలేషన్లు, చిరునామాను తామే మార్చుకున్నవి, పాత వెర్షన్లు బయటికి తెరిచి ఉన్నాయి. అంటే ప్యాకేజీ కట్టినవారు ముందుగానే జాగ్రత్తపడ్డారు.

అడగకుండా వెంట వచ్చే సర్వీసుల విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. డెబియన్‌లో రెయిడ్ డిస్కుల (కలిపి ఒకటిగా వాడే డిస్కుల) కోసం ఎండీఏడీఎం అనే సాధనం ఎక్కిస్తే, దాని సిఫారసుల జాబితా ద్వారా ఒక మెయిల్ సర్వర్ కూడా వచ్చి నడవడం మొదలుపెడుతుంది. డిస్కు పాడైతే కబురు పంపడానికే అది. ఉద్దేశం మంచిదే అయినా, డిస్కులు అడిగినవాడికి మెయిల్ కోసమైన 25వ పోర్టు ఇవ్వడం సమంజసం కాదు. కనుక నా ప్రతిపాదన ఇది: పేరు పెట్టి అడిగిన ప్యాకేజీ సర్వీసు మొదలుకావాలి, వెంట వచ్చినది ఆగి ఉండాలి.

5. కూర్పు పనివాడు

కొన్నేళ్లుగా ప్యాకేజీలు కట్టే పనిలో ఉన్నాను కనుక రెండు మూడు సంగతులు చెప్పగలను.

మాస్టారు గారి ప్రతిపాదన వినడానికి న్యాయంగా ఉంది కానీ నిలబడదు. మొదటి కారణం యంత్రాంగానికి సంబంధించినది. ఏది అడిగి తెచ్చుకున్నది, ఏది వెంట వచ్చినది అన్న లెక్క ఆప్ట్ దగ్గర ఉంటుంది. సర్వీసును మొదలుపెట్టే స్క్రిప్టును నడిపేది ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీ, దానికి ఆ తేడా తెలియదు. రెండోది ఇంకా పెద్దది. డెస్క్‌టాప్ ఎక్కించేవారు ఒక్క మెటాప్యాకేజీ (ఇతర ప్యాకేజీలను వెంట తెచ్చే ప్యాకేజీ) పేరు చెబుతారు, వైఫై చూసే నెట్‌వర్క్‌మేనేజర్, బ్లూటూత్ అన్నీ దాని వెంటనే వస్తాయి. వెంట వచ్చినవన్నీ ఆగి ఉంటే ఆ ల్యాప్‌టాప్‌లో వైఫై కూడా ఉండదు.

ఇక ఇప్పుడున్న సాధనాలు. డెబియన్‌లో ‘పాలసీ-ఆర్‌సీ.డీ’ అనే చిన్న స్క్రిప్టును యూజర్ ఎస్‌బిన్ డైరెక్టరీలో పెట్టి, అది 101 అనే కోడ్‌తో ముగిసేలా రాస్తే, ప్యాకేజీ స్క్రిప్టులు ఏ సర్వీసునూ కదిలించలేవు. కంటైనర్లు నడిపే డాకర్‌లోని డెబియన్ ఇమేజ్‌లలో ఈ ఫైలు ముందే ఉంటుంది. కానీ దీనిలో రెండు గుంటలున్నాయి, రెండింటిలోనూ పడినవారిని చూశాను. ఒకటి, ఇది స్టార్ట్‌ను ఆపుతుందే కానీ ఎనేబుల్‌ను ఆపదు, కనుక ఇవాళ ఆగి ఉన్న సర్వీసు రేపు రీబూట్ చేయగానే లేస్తుంది. రెండు, అన్నిటికీ 101 చెబితే రీస్టార్ట్ కూడా ఆగిపోతుంది. భద్రతా అప్‌డేట్ వచ్చి కొత్త ప్రోగ్రాము ఫైలు (బైనరీ) డిస్కు మీద కూర్చుంటుంది, మెమరీలో మాత్రం లోపం ఉన్న పాత ప్రాసెస్ నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది. ఇది తనంతట తానే మొదలుకావడం కన్నా ప్రమాదకరం. ఆ స్క్రిప్టుకు సర్వీసు పేరు, చేయబోయే పని రెండూ అందుతాయి కాబట్టి, ‘స్టార్ట్’ అయితే వద్దని, ‘రీస్టార్ట్’ అయితే సరేనని చెప్పేలా రాసుకోవాలి. డెబ్‌హెల్పర్‌తో కట్టిన ఎక్కువ ప్యాకేజీలు తొలిసారి స్టార్ట్ అనీ, అప్‌గ్రేడ్‌లో రీస్టార్ట్ అనీ వేరుగానే అడుగుతాయి.

ఒక్క సర్వీసు గురించే భయమైతే, ప్యాకేజీ ఎక్కించకముందే దాని పేరును మాస్క్ చేయవచ్చు. యూనిట్ లేకపోయినా డెవ్-నల్‌కు (ఏమీ లేని ఫైలుకు) లింకు ఏర్పడుతుంది, తరువాత ఎవరు ఎంత అడిగినా అది లేవదు.

ప్యాకేజీని రెండుగా విడదీయడం కూడా ఒక దారి. పేర్లను నెట్‌వర్క్ చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌మాస్క్‌ను చూడండి. ఉబుంటులో దాన్ని ఎక్కించగానే 53వ పోర్టు కోసం, అదే పని చేస్తూ ముందే నడుస్తున్న సిస్టమ్‌డీ-రిజాల్వ్డ్‌తో తగాదాపడి ఎర్ర అక్షరాల్లో విఫలమవుతుంది. బైనరీ మాత్రమే కావలసినవారికోసం ‘డీఎన్ఎస్‌మాస్క్-బేస్’ అని సర్వీసు లేని ప్యాకేజీ వేరుగా ఉంది. ప్రోగ్రాము కావాలనుకోవడం, సర్వీసు కావాలనుకోవడం రెండు వేరు కోరికలని డెబియన్ స్వయంగా ఒప్పుకున్న సందర్భం ఇది.

6. గోదావరి గట్టు

కూర్పు పనివాడు గారూ, రీస్టార్ట్ గురించి మీరు చెప్పినది నాకు కొత్త. మా పొరపాటు తరువాత నేను చేసిన మొదటి పని అన్ని సర్వర్లలోనూ ఆ 101 స్క్రిప్టు పెట్టించడమే. మీ పోస్టు చదివాక వెళ్లి చూస్తే, రెండు వారాల క్రితం అప్‌గ్రేడ్ అయిన ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వీసు నాలుగు సర్వర్లలో ఇంకా పాత ప్రాసెస్‌గానే నడుస్తోంది. ఇప్పుడే రీస్టార్ట్ చేసి వచ్చాను, స్క్రిప్టును కూడా మీరు చెప్పినట్టు మార్చాను. కృతజ్ఞతలు.

మాస్టారు గారి మాటల్లో ఒకటి ఒప్పుకుంటున్నాను. సర్వీసు లేవదన్న ధైర్యంతో తొలి కాన్ఫిగరేషన్‌ను ఎవరూ పట్టించుకోకపోతే, దాన్ని లేపే క్షణానికి ప్రమాదం వాయిదా పడుతుందే తప్ప పోదు. మొదలుపెట్టినా పెట్టకపోయినా ప్యాకేజీ లోకల్‌హోస్ట్‌కే కట్టుబడి రావాలి.

అయినా నా మూల అభ్యంతరం అలాగే ఉంది. ఈ సర్వీసు ఈ యంత్రంలో నడవాలా వద్దా అన్నది ప్యాకేజీ కట్టినవారికి తెలిసే విషయం కాదు. వారు ఆ యంత్రాన్ని చూడలేదు. ఫోన్‌లలో ఈ సంగతి ఎప్పుడో తేలిపోయింది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1 నుంచి, కొత్తగా ఎక్కించిన యాప్‌ను యజమాని ఒక్కసారైనా తెరిచేవరకు అది ‘ఆగిన’ స్థితిలోనే ఉంటుంది, ఫోన్ ఆన్ అయిందన్న కబురు కూడా దానికి అందదు. ఫోన్ వాడే సామాన్యుడికి ఇచ్చిన ఆ గౌరవం సర్వర్ నిర్వాహకుడికి ఎందుకు ఉండకూడదు?

7. ల్యాబ్ మాస్టారు

ఫోన్‌లో యాప్ తెరవడానికి తెర మీద ఒక బొమ్మ కనిపిస్తుంది, సర్వీసుకు అది లేదు. నా విద్యార్థికి ఆ బొమ్మ ఎక్కడుందో చూపించే బాధ్యత ఎవరిది? ఫెడోరాలో ప్యాకేజీ ఎక్కించాక ‘ఇది ఇంకా మొదలుకాలేదు, మొదలుపెట్టడానికి ఈ కమాండు’ అని ఒక్క వరుస కనబడితే నా అభ్యంతరంలో సగం పోతుంది.

అయితే యంత్రాన్ని చూసినవారే నిర్ణయించాలన్న మాట నన్ను ఆలోచింపజేసింది. నా ల్యాబ్ యంత్రాల విషయంలో ఆ చూసినవాడిని నేనే కదా. ఫెడోరా ఉన్న ల్యాబ్ యంత్రాల ఇమేజ్‌లో పోస్ట్‌గ్రెస్‌ను ఎనేబుల్ చేయమని నేనే ఒక ప్రీసెట్ ఫైలు రాసి పెడితే పని జరుగుతుందా?

8. కూర్పు పనివాడు

సగం జరుగుతుంది. ఈటీసీ కింద సిస్టమ్‌డీ, దాని కింద సిస్టమ్-ప్రీసెట్ డైరెక్టరీలో, ఫెడోరా ఫైలు 90తో మొదలవుతుంది కనుక మీది అంతకన్నా చిన్న అంకెతో మొదలయ్యే పేరుతో పెట్టండి. ఒక సర్వీసుకు మొదట ఏ వరుస సరిపోతే అదే చెల్లుతుంది. ఆ ఫైలు ప్యాకేజీ ఎక్కించకముందే అక్కడ ఉండాలి, ఎందుకంటే ప్రీసెట్‌ను తొలి ఇన్‌స్టాలేషన్‌లో ఒక్కసారే చూస్తారు. ఇక మిగిలిన సగం: ప్రీసెట్ ఎనేబుల్ చేస్తుందే కానీ ఆ క్షణాన స్టార్ట్ చేయదు, పోస్ట్‌గ్రెస్ క్లస్టర్‌నూ తయారుచేయదు. ఇనిషియలైజ్ కమాండును ఇమేజ్ తయారీలోనే నడిపి ఉంచితే, విద్యార్థి యంత్రం ఆన్ చేసేసరికి 5432 సిద్ధంగా ఉంటుంది.

9. ల్యాబ్ మాస్టారు

మంచిది. శనివారం ఒక యంత్రంలో చేసి చూసి, రీబూట్ తరువాత ఏమైందో ఇక్కడే రాస్తాను. సొంత ల్యాప్‌టాప్‌లు తెచ్చుకునే పిల్లలకు మాత్రం డెబియన్ పద్ధతే మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను.