బీటెక్ రెండో ఏడాదిలో రీసెర్చ్ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఉప్పల్ వైపు ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ రెండో ఏడాది. ఎండాకాలం సెలవుల్లో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో ప్రొఫెసర్ దగ్గర పని చేయాలనుంది. మెయిల్‌లో ఏం రాయాలి?

జవాబు: తమ్ముడూ, మెయిల్ తర్వాత. ముందు ఆ ప్రొఫెసర్ రాసిన ఒక్క రీసెర్చ్ పేపర్ పట్టుకో. సారాంశం, బొమ్మలు, ముగింపు చూశాకే పద్ధతి భాగానికి వెళ్లు. గూగుల్ స్కాలర్‌లో (రీసెర్చ్ పేపర్లు వెతికే సైట్) దాని కింద ‘సైటెడ్ బై’ నొక్కితే తర్వాత జరిగిన పని తెలుస్తుంది. కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే సైట్) ఉంటే నడిపి, ఒక్క టేబుల్‌లోని అంకెలు నీకూ వస్తాయేమో చూడు. మొదటిసారి తరచూ రావు. లైబ్రరీ వెర్షన్లు మారి ఉంటాయి, ర్యాండమ్ సీడ్ (ప్రోగ్రామ్ యాదృచ్ఛిక అంకెలు పుట్టించడానికి మొదలుపెట్టే సంఖ్య) వేరై ఉంటుంది, లేదా డేటాను శిక్షణకు, పరీక్షకు నువ్వు ఇంకోలా విడగొట్టి ఉంటావు. తేడా ఎక్కడ వచ్చిందో తేదీతో సహా రాసిపెట్టుకో. ప్రొఫెసర్‌కు చూపించాల్సింది ఆ నోట్సే, మార్కుల మెమో కాదు.

జవాబు: పై మాట నిజం. మెయిల్ 150 పదాలు దాటనివ్వొద్దు: ఆ ప్రొఫెసర్ పేపర్ పేరు, అందులో మీరు చేసి చూసింది రెండు వాక్యాల్లో, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. ఒక పేజీ సీవీ పీడీఎఫ్‌గా జతచేయండి. ఒకే మెయిల్ 40 మందికి పంపితే ఇట్టే తెలిసిపోతుంది. పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతే.

జవాబు: దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్ కూడా చూడండి. దరఖాస్తు గడువు సాధారణంగా ముందు ఏడాది చివర్లోనే అయిపోతుంది, ఏప్రిల్‌లో వెతికితే దొరకదు. డబ్బు కడితే వారంలో పేపర్ వేస్తామనే జర్నళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.