అప్‌డేట్: ఇంట్లో వైఫై కాలింగ్ కలవలేదు, ఇప్పుడు కలుస్తోంది (కడప)

పోయిన వారం అడిగాను కదా, కడపలో మాది పాత బండల మిద్దె, లోపల సిగ్నల్ ఉండదు, వైఫై కాలింగ్ (టవర్ సిగ్నల్ బదులు వైఫై మీదుగా మామూలు కాల్ పోవడం) ఆన్ చేసినా కాల్ పోవడం లేదని. సాయం చేసినోళ్లందరికీ థ్యాంక్స్.

"పక్కింటి వైఫైలో చూడండి" అన్న మాటే దారి చూపించింది. అక్కడ వెంటనే కలిసింది. అంటే తప్పు మా రౌటర్‌దే. నెట్ అబ్బాయి వచ్చి చూస్తే రౌటర్‌లో ఫైర్‌వాల్ (నెట్ రాకపోకలను వడకట్టే కాపలా) 'హై'లో ఉంది. వైఫై కాలింగ్‌కు కావాల్సిన యూడీపీ 500, 4500 పోర్టులు (నెట్‌లో డేటా పోయే దారుల నంబర్లు) మూసుకుపోయి ఉన్నాయి. అవి తెరిచి, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేసి నంబర్ కొడితే రింగయింది.

సిమ్ మార్చడం, ఫోన్ రీసెట్ కొట్టడం రెండూ దండగే అయినాయి. రెండు సిమ్‌లుంటే మాత్రం దేనికి దానికి విడిగా ఆన్ చేసుకోండి.

మోకాళ్ల నొప్పులతో ఫోన్ కోసం మిద్దెక్కే మా అమ్మ, నిన్న పొయ్యి దగ్గర నిలబడే అక్కతో అరగంట మాట్లాడింది.